భర్త అన్నచోట అమ్మిరాజు

రాజోలు దగ్గర నగరం అనే ఊరి సెంటర్లో ఆటో స్టాండు పెట్టిన కొత్తలో ఉన్నవి నాలుగు బళ్ళు. అందులో ఒకటి అమ్మిరాజుది. అంతకుముందు అతను కొబ్బరి దింపు తీసేవాడు. ఒక వానాకాలం చెట్టు మీంచి జారి మోకాలు పాడుచేసుకున్నాక ఎక్కడం మానేసి ఆటో కొన్నాడు.

అతనుండే పేటలో సగం ఇళ్ళల్లో మగవాళ్ళు మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉండేవారు. పిల్లాణ్ణి బళ్ళో చేర్చాలన్నా, గ్యాసు బండ కోసం అర్జీ పెట్టాలన్నా, జ్వరమొచ్చిన ముసలావిణ్ణి ఆస్పత్రిలో పడుకోబెట్టాలన్నా అక్కడ ఒక మగవాణ్ణి రమ్మనేవారు. ఆడవాళ్ళు అమ్మిరాజుని తీసుకెళ్ళేవారు. ఎలాగూ ఆటో కావాలి. ఆటోతోపాటు మనిషీ వస్తాడు. తండ్రి అన్నచోటా, మేనమామ అన్నచోటా, సంరక్షకుడు అన్నచోటా అమ్మిరాజు సంతకాలు రాజోలు నుంచి అమలాపురం దాకా ఎన్ని ఆఫీసుల్లో పడ్డాయో అతనికే తెలియదు.

ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండేవాడు. ఇంకొకడి పేరు రాసేవాడు కాదు. "మా ఆయన పేరు పెట్టెయ్యండి అన్నయ్యగారూ, ఎవడు చూడొచ్చాడు" అని ఎవరైనా అంటే, "తప్పమ్మా, అది దొంగ సంతకం అవుద్ది. నా పేరే పెడతాను" అనేవాడు. అయిదో తరగతి దాకా చదివిన చెయ్యి. 'రాజు' దగ్గర కొమ్ముని కిందకి లాగి ఒక మెలిక తిప్పేవాడు. ఆ మెలికంటే అతనికి ఇష్టం.

తొంభై ఏడులో, తొలకరి పడ్డాక, పాపాయమ్మ పొద్దున్నే వచ్చి అతని గుమ్మంలో నిలబడింది. పక్క వీధి ఆవిడ. వరసకి అత్త. ఆవిడ కొడుకు అనిల్ కుమార్ మస్కట్‌లో ఏసీలు బిగించే పనిలో ఉన్నాడు. కోడలు సాయిదుర్గ. ఓడలరేవు పిల్ల. ఇద్దరు పిల్లలు. రెండోవాడు పెద్దాపరేషన్ చేస్తే పుట్టేడు. వాడింకా పాలు తాగుతుండగానే అనిల్ సెలవుకొచ్చి వెళ్ళేడు.

"అమ్మిరాజూ, రాజోలు వెళ్ళాలి నాయనా. కోడలికి మళ్ళీ నిలిచింది."

"మంచిదే కదండీ అత్తగారూ."

"మంచిదేంటి, నీ మొహం. కుట్లు పచ్చిగా ఉన్నాయంట. కడుపు పెరిగితే విచ్చిపోతాయంట. తల్లీ పిల్లా ఇద్దరూ దక్కరని ఆ డాక్టరమ్మ మొన్న నా మొహం మీదే చెప్పింది. తీయించెయ్యాలి."

 లోపల్నుంచి అతని భార్య మరిడమ్మ తొంగిచూసి, "అనిల్‌కి చెప్పేరా?" అంది.

"వాడెక్కడో ఎడారిలో సైటు మీదున్నాడు. వాడు ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేస్తేనే మనకి మాట. వాడు చేసేటప్పటికి రోజులు దాటిపోతాయి."

మార్కెట్ వెనక ఉన్న నర్సింగ్ హోమ్ ముందు ఆటో ఆపేడు అమ్మిరాజు. పాపాయమ్మ చంటివాణ్ణి ఒళ్ళో వేసుకుని ఆటోలోనే ఉండిపోయింది. ఆస్పత్రి వాసన తగిలితే పిల్లాడికి పడదంది. సాయిదుర్గ ఒక్కతే లోపలికి వెళ్ళి, కాసేపటికి బయటికొచ్చింది.

"భర్త సంతకం కావాలంటున్నారు అన్నయ్యగారూ. లేకపోతే చెయ్యరంట."

అమ్మిరాజు అత్తకేసి చూశాడు. పాపాయమ్మ చంటివాడి నోట్లో పాలపీక పెడుతూ తలెత్తకుండానే, "వెళ్ళి పెట్టు నాయనా. ఎన్ని పెట్టలేదు" అంది.

లోపల బల్ల దగ్గర రేచల్ అనే నర్సు కూర్చుని ఉంది. బొద్దుగా, నవ్వుతూ మాట్లాడే మనిషి. "ఇక్కడండీ" అని వేలు పెట్టి చూపించింది. అమ్మిరాజు తన పేరు రాసి, మెలిక తిప్పేడు. అనిల్ పేరు రాయలేదు. అది తప్పు.

పని అయ్యాక తిరుగు దారిపొడుగునా అతని మనసు మనసులో లేదు. కడుపులో పడ్డదాన్ని తీసెయ్యడం పాపమనే అతని నమ్మకం. తల్లి ప్రాణానికి ముప్పన్నారు కాబట్టి సరే. కానీ ఆ సంతకం అడిగిన పద్ధతి చూశాక కొంత కుదుటపడ్డాడు. ప్రభుత్వం ఊరికే వదిలెయ్యలేదు. మొగుడి మాట లేకుండా ఏ ఆడదీ ఇలాంటి పని చెయ్యడానికి లేదు. చట్టానికీ ఒక నీతి ఉంది. వెనక సీట్లో సాయిదుర్గ పొట్ట పట్టుకుని, గోతులొచ్చినప్పుడల్లా పళ్ళు బిగిస్తోంది. అతను బండి నెమ్మదిగా నడిపేడు.

ఆ మాట స్టాండులో మోషేతో కూడా అన్నాడు, ఎవరిదీ పేరెత్తకుండా. మోషే అతని పక్కన బండి పెట్టుకునేవాడు. ఆదివారం పూట చర్చిలో డోలక్ వాయించేవాడు.

"మా చర్చి అయ్యగారైతే అసలు గవర్నమెంటు ఒప్పుకోడమే తప్పంటారు బాబాయ్" అన్నాడు మోషే. "ప్రాణం ఇచ్చినోడికే తీసే హక్కంట."

"అయితే తల్లి చచ్చిపోవాలా?"

"ఆయ్, అక్కడే నాకూ అర్థం కాదు. అడిగితే ప్రార్థన చెయ్యమంటారు."

"అందుకేరా మొగుడి సంతకం పెట్టింది చట్టంలో. ఇష్టమొచ్చినట్టు చేసుకోకుండా."

"మొగుడు తాగుబోతైతే?"

"తాగుబోతైనా మొగుడే కదరా."

మోషే నవ్వేడు. "నీకు ఆడపిల్లల్లేరు బాబాయ్, అందుకే అలా అంటావు."

వినాయక చవితి ముందురోజు రాజోలు మార్కెట్లో బండి నిలిపి, మరిడమ్మ కొన్న పత్రీ, అరటిపిలకలూ ఎక్కిస్తున్నాడు. పేటవాళ్ళు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అప్పటికే సీట్లో కూర్చున్నారు. రేచల్ సంచీ ఊపుకుంటూ అటే వచ్చి ఆగింది.

"ఏమండీ, బాగున్నారా? మీ ఆవిడకెలా ఉందండీ ఇప్పుడు? రక్తం ఎక్కువ పోయింది కదా పాపం, బెల్లం, ఆకుకూరలు పెట్టమన్నాను. పెడుతున్నారా?"

అమ్మిరాజు చేతిలో అరటిపిలక అలాగే ఉండిపోయింది.

మరిడమ్మ సీట్లోంచి ముందుకి వంగింది. "నాకేం రక్తం పోయిందమ్మా?"

రేచల్ ఆవిణ్ణి చూసింది. అమ్మిరాజుని చూసింది. మొహం పాలిపోయింది. "ఎవరో అనుకున్నానండీ" అని జనంలోకి వెళ్ళిపోయింది. వెళ్ళిన తీరే అందరికీ అంతా చెప్పేసింది.

ఆ సాయంత్రానికి మరిడమ్మకి అమ్మిరాజు అంతా విప్పి చెప్పేడు. ఆవిడ నమ్మింది. నమ్మినా ఊరుకోలేదు. "నీ పేరెందుకు రాశావు? అనిల్ పేరు రాసి తగలడితే ఈ గోలే లేదు కదా."

"దొంగ సంతకం పెట్టమంటావా?"

"ఆహా! అది దొంగతనం, ఇది దొరతనం! దానికి మొగుణ్ణని రాసొచ్చేవు, నిజాయితీగా!"

ఆటోలో ఉన్న ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఎవరికీ చెప్పొద్దనుకుంటూనే చెప్పేరు. ఆ మధ్య అతని బండిలో రాజోలు ఆస్పత్రికి వెళ్ళొచ్చింది సాయిదుర్గేనని పేటకి తెలుసు. కార్తీకం వచ్చేసరికి పేటలో అమ్మిరాజు బండెక్కే ఆడది లేకుండా పోయింది. సాయిదుర్గ చెరువుకెళ్ళడం మానేసి ఇంటి దగ్గరే బట్టలు ఉతుక్కుంటోందని మరిడమ్మ చెప్పింది. పాపాయమ్మ మాత్రం ఎవరడిగినా, "ఏమోనమ్మా, పిల్లలతోనే నాకు సరిపోద్ది" అనేది. ఒకరోజు అమ్మిరాజు ఆవిణ్ణి దారిలో ఆపి, "అత్తగారూ, మీరొక్కమాట చెబితే పోద్ది కదండీ" అన్నాడు. ఆవిడ చుట్టూ చూసి, "అనిల్‌కి తెలీదు నాయనా. వాడి పిల్లని వాడికి చెప్పకుండా తీయించేనని నేనెలా చెప్పుకోను? వాడొచ్చాక నెమ్మది మీద చెబుతాలే" అని నడిచిపోయింది.

అనిల్‌కి ఎవరు చెప్పేరో, మస్కట్‌లోనే తెలిసింది. ఆ పేటవాళ్ళే అక్కడా ఉన్నారు. మాఘమాసంలో సెలవు పెట్టుకుని వచ్చేశాడు. వచ్చిన మూడో రోజున పెద్దమనుషుల్ని పిలుస్తున్నట్టు కబురొచ్చింది.

ఆ పొద్దున్నే అమ్మిరాజు రాజోలు వెళ్ళి డాక్టరమ్మ కోసం కాచుకుని కూర్చున్నాడు. ఆవిడ పెద్దావిడ, కోపిష్ఠి కాదు. అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీరు భర్త కాదా?"

"కాదండీ. ఆ అమ్మాయి నాకు చెల్లెలి వరసండీ. చట్టంలో మొగుడి సంతకం ఉండాలన్నారు. ఆయన ఊళ్ళో లేడు. మీరు ఒక్క కాగితమ్ముక్క మీద రాసిస్తే, చట్టం అడిగింది కాబట్టి ఏదో ఒక సంతకం పెట్టేడని, పెద్దమనుషులకి చూపించుకుంటానండీ."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "చట్టం అడగదయ్యా" అంది.

"ఆయ్?"

"పద్దెనిమిదేళ్ళు నిండి, బుద్ధి సరిగ్గా ఉంటే, ఆ అమ్మాయి ఒప్పుకుంటే చాలు. మేం కారణం చూసుకుని చెయ్యొచ్చు. మొగుడు, తండ్రి, అన్న, ఎవరి సంతకమూ అక్కర్లేదు. చట్టంలో లేదు."

"మరి... అడిగేరు కదండీ?"

"నేను అడుగుతాను. రేపు ఆ మొగుడొచ్చి నా అద్దాలు పగలగొడితే ఎవరు దిక్కు? అదీకాక..." ఆవిడ ఆగి, మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంది. "మొగుడికి తెలియకుండా చెయ్యడం నాకే మనసొప్పదు. పద్ధతి కాదు కదా."

అమ్మిరాజు బయటికొచ్చి ఆటోలో కూర్చున్నాడు. చాలాసేపు బండి తియ్యలేదు. తన పరువు పోవడం, మరిడమ్మ కన్నీళ్ళు, సాయిదుర్గ తలుపు వేసుకున్న ఇల్లు, ఇవన్నీ లేని రూలు కోసమే. చట్టంలో ఉందనుకుని తను మెచ్చుకున్న నీతి చట్టంలో లేదు. ఆ బల్ల దగ్గర ఉంది, అంతే. రేచల్ వేలు పెట్టి చూపించిన చోట.

పంచాయితీ పాపాయమ్మ ఇంటి ముందరే జరిగింది. పెద్దమనిషి సత్తియ్య కుర్చీలో, మిగిలినవాళ్ళు చాపల మీద. అనిల్ అరుగు అంచున కూర్చుని వేలి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. గడప అవతల సాయిదుర్గ. స్తంభం పక్కన పాపాయమ్మ చంటివాడితో.

అమ్మిరాజు లేచి, జరిగింది జరిగినట్టు చెప్పేడు. డాక్టరమ్మ మాట కూడా చెప్పేడు. "చట్టం ఎవరి సంతకమూ అడగదంటండీ. నాకు తెలీదు. చెల్లెమ్మకీ తెలీదు. తెలిసుంటే నేను గుమ్మం దాటి లోపలికే వెళ్ళేవాణ్ణి కాదు." ఇక దీంతో తేలిపోతుందనుకున్నాడు.

 సత్తియ్య కుర్చీలో ముందుకి జరిగేడు.

"అంటే ఆడది ఒక్కతే వెళ్ళి, నాకొద్దని చెబితే తీసేస్తారా?"

"డాక్టరు చూసి, కారణం ఉంటే తీస్తారంటండీ."

"మొగుణ్ణి అడక్కుండా?"

"ఆయ్."

"అదేం చట్టంరా? అలాంటి చట్టం ఎవడు రాసేడు?" సత్తియ్య చుట్టూ చూశాడు. చాపల మీద గొణుగుడు మొదలైంది. ఒకడు, "అందుకే దేశం ఇలా ఏడిసింది" అన్నాడు. ఇంకొకడు, "ఇది బయటికి తెలిసిందా, ఇక ఆడాళ్ళు మాట వింటారా" అన్నాడు. కాసేపు అమ్మిరాజునీ సాయిదుర్గనీ అందరూ మర్చిపోయారు. సత్తియ్యే మళ్ళీ ఇటు తిరిగేడు.

"సరే. సంతకం అక్కర్లేదంటున్నావు."

"అక్కర్లేదండీ."

"అక్కర్లేని సంతకం, మొగుడన్న చోట, నీ పేరుతో ఎందుకు పెట్టేవు మరి?"

 తను తెచ్చిన నిజమే తిరిగి తన మెడకి చుట్టుకుంటుందని అమ్మిరాజు కల్లో కూడా అనుకోలేదు. చాపల మీద ఒకడు ఫక్కున నవ్వి, నవ్వు మింగేశాడు.

అనిల్ గోళ్ళు కొరకడం ఆపేడు. "అమ్మా, ఆ రోజు నువ్వెళ్ళేవా?"

పాపాయమ్మ చంటివాడి జుట్టు సవరించింది. "నేను లోపలికెళ్ళలేదురా."

"అది కాదే..."

"నేను పిల్లాడితో ఉన్నాను. లోపల ఎవరేం రాసుకున్నారో నాకేం తెలుసు?"

ప్రతి మాటా నిజమే.  వెళ్ళి పెట్టు నాయనా అన్న నోరు అదే.

అప్పుడు సాయిదుర్గ గడప దాటి వచ్చింది. అరవలేదు. అత్తకేసి చూడలేదు. మొగుడితోనే మాట్లాడింది.

"ఆ సంతకం అక్కర్లేదని నాకు ఇవాళే తెలిసింది. అప్పుడే తెలిసుంటే అన్నయ్యగార్ని అడిగేదాన్ని కాదు. అత్తమ్మనీ అడిగేదాన్ని కాదు. నా ఇద్దరు పిల్లలకి నేను బతికుండాలి. వెళ్ళి చేయించుకుని వచ్చేసేదాన్ని. మీకూ చెప్పేదాన్ని కాదు."

 సత్తియ్య నోరు సగం తెరుచుకుని ఉంది. పాపాయమ్మ "అమ్మమ్మమ్మా" అంది, అంతే.

అమ్మిరాజుకి కూడా నచ్చలేదు. ఇంతమంది మగాళ్ళ ముందు ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది, మొగుడికి చెప్పననడం ఏంటి, అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం సత్తియ్య మొహం కనిపించింది. తన మొహం కూడా ఇప్పుడు అలాగే ఉండి ఉంటుందని తోచి, తల పక్కకి తిప్పుకున్నాడు. ఇన్ని నెలలు ఆ పిల్ల పక్షాన ఉన్నాననుకున్నాడు.

అనిల్ లేచి, "బావగారూ, రేపు నన్ను ఆ డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళ్ళండి" అన్నాడు. సత్తియ్య ఏదో అనబోతే, "రేపు మాట్లాడుకుందాం పెద్దయ్యా. నా పెళ్ళాం సంగతి" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు దారిలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. డాక్టరమ్మ గది తలుపు దగ్గర అమ్మిరాజు బయటే నిలబడబోతే, అనిల్ "రండి" అన్నాడు.

డాక్టరమ్మ అతని పేరడిగి, ఊరడిగి, అప్పుడు చెప్పింది. "ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే మీకు భార్య ఉండేది కాదు బాబూ. ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మీ అమ్మగారికి అంతకుముందే చెప్పాను. ఆ రోజు కూడా, ఈయన లోపల బల్ల దగ్గరుండగా, ఆవిడ ఆటోలో చంటిబిడ్డతో ఉంటే నేనే బయటికొచ్చి ఇంకోసారి చెప్పాను. మంచిదమ్మా, కానివ్వండి, మా అల్లుడు సంతకం పెడుతున్నాడు అన్నారావిడ. అల్లుడంటే, ఆ అమ్మాయి వాళ్ళ కూతురేమో అనుకున్నాను."

అనిల్ కళ్ళు మూసుకున్నాడు. కన్నీళ్ళు కారేయి. తర్వాత మొహం తుడుచుకుని, అమ్మిరాజు చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలేశాడు. అమ్మిరాజుకి ఇన్నాళ్ళ బరువు దిగిపోయినట్టయింది.

వెళ్ళబోతూ అనిల్ తలుపు దగ్గర ఆగేడు.

"మేడమ్, చట్టంలో లేదన్నారంట కదండీ. మీరు మానేస్తారా, మొగుడి సంతకం అడగడం?"

"లేదు బాబూ. నా ఆస్పత్రిలో నేను అడుగుతాను. ఇక మీదట మొగుడేనా కాదా అని కూడా చూస్తాను."

అనిల్ మొహం తేటపడింది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేడు. "అడగండి మేడమ్. అది మాత్రం మానకండి."

తిరుగు దారిలో అనిల్ వేరే మనిషిలా ఉన్నాడు. మస్కట్ ఎండల గురించి చెప్పేడు. ఒమానీ మేస్త్రీని వెక్కిరించేడు. సత్తియ్య సంగతి తను చూసుకుంటానన్నాడు, బావగారి మీద ఇంకెవడైనా నోరెత్తితే ఊరుకోనన్నాడు. అమ్మిరాజు ఆయ్ ఆయ్ అంటూ బండి నడిపేడు. మాట కలవడం లేదు. ఒక మనిషి కాపురం నిలబడింది. నిలబెట్టింది ఏంటో తలుచుకుంటే అతనికి అయోమయంగా ఉంది. పెళ్ళాం చచ్చిపోయేదన్న మాటకి ఏడ్చినవాడే, ఇంకోసారి అలాంటి అవసరమొచ్చినా తనని అడక్కుండా కుదరదని విన్నాక గానీ తేరుకోలేదు.

ఇంటి ముందు ఆటో ఆగగానే పెద్దపిల్ల పరుగెత్తుకొచ్చింది. అనిల్ దాన్ని ఎత్తుకుని, గుమ్మంలో ఉన్న సాయిదుర్గతో, "అయిపోయింది. ఇంక ఎవడూ ఏం అనడు. అన్నం పెట్టు" అని లోపలికి వెళ్ళేడు. పెరట్లో వాళ్ళమ్మని పిలవడం వినబడింది. గొంతు కటువుగా ఉంది.

సాయిదుర్గ లోపలికి వెళ్ళలేదు. ఆటో దగ్గరకొచ్చింది. మనిషి చిక్కిపోయింది, బుగ్గ ఎముకలు కనిపిస్తున్నాయి.

"డాక్టరమ్మగారేమన్నారు అన్నయ్యగారూ?"

"నీ ప్రాణానికి ముప్పుండేదని చెప్పేరమ్మా. అత్తగారికి తెలుసని చెప్పేరు."

"ఇంకేమన్నారు?"

అమ్మిరాజు హ్యాండిల్ కేసి చూశాడు. "ఇక మీదట కూడా అడుగుతామన్నారు."

"ఎవర్ని?"

 చెప్పాల్సిన పేరు ఏదో ఇద్దరికీ తెలుసు. ఆ పేరు గలవాడు లోపల్నుంచి రెండోసారి అన్నానికి పిలుస్తున్నాడు. సాయిదుర్గ వెంటనే కదల్లేదు. ఆటో రెయిలింగు మీద చెయ్యి వేసి, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు నిలబడింది.

"అమలాపురంలో వేరే ఆస్పత్రులున్నాయి కదండీ" అంది నెమ్మదిగా.

అమ్మిరాజు ఉలిక్కిపడ్డాడు. ఆ అమ్మాయి కళ్ళలోకి చూడ్డానికి భయమేసింది. "ఆయ్, ఉన్నాయమ్మా" అన్నాడు.